బుగ్గచుక్క పెట్టేదాకా అద్దం ఇవ్వని మనిషి

ఆమె పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కొట్టులో ఒక పిల్లకి మట్టిగాజులు ఎక్కిస్తున్నాను. గాజులు ఎక్కించేటప్పుడు మధ్యలో ఆపకూడదు, చెయ్యి బిగుసుకుపోతుంది. అందుకని ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఊఁ ఊఁ అంటూనే చివరి గాజుదాకా ఎక్కించాను. ఆ పిల్ల వెళ్ళాక ఊరికే కూర్చుని చుట్టూ చూశాను. గాజుల కొట్టు కదా, గోడల నిండా అద్దాలే. ఏ అద్దంలో చూసినా మేడ మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లు దిగుతూ, దిగిన ప్రతిసారీ "సెల్లీ, టీ తాగుదామేటి" అని అడిగే మనిషి ఇక లేదు.

ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడా కనబడడం ఆమెకి ఇష్టముండేది కాదు. మా మేడ మీద గది తీసుకున్నప్పుడు బోర్డు రాయించుకుంది. దాని మీద 'మేకప్' అని ఒక్క మాట, పైకి చూపించే బాణం గుర్తు, అంతే. "పేరు లేకపోతే ఎవరొస్తారప్పా" అన్నాను. "మొకం ఉన్నోలు వస్తారు" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకంటే ఆరేడేళ్ళు పెద్ద.

మాది బొబ్బిలి బజారు. మా ఆయన పోయాక కొట్టులో నేనే కూర్చుంటున్నాను. ఆమె గది చూడటానికి వచ్చిన రోజు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గచ్చు చూడలేదు, కుళాయి తిప్పలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కలు తెరిచి, చెయ్యి బయటికి చాపి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"నీళ్ళ సంగతి అడగవేటప్పా?"

"ఎలుతురుంది కదా. నీళ్ళు మోసుకోవచ్చు, ఎలుతురు మోసుకోలేం."

హైదరాబాదులోనూ బొంబాయిలోనూ ఫేషన్ షోలకీ, చీరల ప్రకటనలకీ చాలా కాలం మేకప్పు చేసిన మనిషి. మా ఊరు ఎందుకొచ్చిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. సముద్రం ఒడ్డు పిల్లని మాత్రం తెలుసు. మధ్యాహ్నం పూట కుంచెలన్నీ సబ్బుతో కడిగి, పిట్టగోడ మీద గుడ్డ పరిచి, తలలు కిందికి వాలేలాగ వరసగా పెట్టేది. తడి కుంచెని నిలబెడితే నీరు పిడిలోకి దిగి జిగురు వదిలేస్తుందట. అవి అలా ఎండుతుంటే చూసి నవ్వుకునేది. "మా యమ్మ నెత్తళ్ళ సేపలు ఎండబెట్టీది. నాను కుంచెలు ఎండబెడతన్నాను. కాకుల బాద లేదు, అంతే తేడా."

సామానంతా ఒక చెక్కపెట్టెలో ఉండేది. మా దగ్గర వీణలు చేసే ఒకాయన మిగిలిన పనస చెక్కతో చేసిచ్చిన పెట్టె. మూత తీస్తే పనస వాసన, స్పిరిట్ వాసన కలిసి వచ్చేవి. అందులో రంగు డబ్బాలతోపాటు అరటిపళ్ళు, గ్లూకోజు బిస్కట్లు, ఒక కట్ట స్ట్రాలు ఉండేవి. ర్యాంపు మీద నడిచే పిల్లలు సన్నబడాలని తిండి మానేస్తారట, పెళ్ళికూతుళ్ళు ముహూర్తందాకా ఉపవాసమంటారు. ఆమెకి ఇద్దరూ ఒకటే. "కాళీ కడుపు మొకం మీద రంగు ఏలాడతాది" అని ఎవరూ చూడకుండా కొబ్బరినీళ్ళలో స్ట్రా వేసి తాగించేది. స్ట్రాతో తాగితే పెదాల రంగు చెదరదు.

తను మాత్రం మొహానికి ఏమీ రాసుకునేది కాదు. నీళ్ళతో కడుక్కుని కొంగుతో తుడుచుకోవడమే.

బస్సులో ఆమె పక్కన కూర్చుంటే సిగ్గుగా ఉండేది. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు తినేసేలాగ చూసేది. "ఆ కండక్టరు దవడ సూసినావా, రంగుతో నీడ పెట్టక్కర్లేదు" అని గట్టిగానే అనేది. ఆ కండక్టరు టికెట్ ఇవ్వడం మర్చిపోయి దవడ తడుముకునేవాడు.

ఎవరి మొహం మీద చెయ్యి వేసేముందైనా రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసుకునేది. చలికాలమైనా ఎండాకాలమైనా అంతే. వేడెక్కాయో లేదో తన మెడకి ఆనించి చూసుకుని, అప్పుడు తాకేది. "సల్లటి సెయ్యి తగిలితే మొకం లోపలికెళ్ళి దాక్కుంటాది సెల్లీ. మరి బయటికి రాదు."

తర్వాత ఒక ప్రశ్న అడిగేది. పెళ్ళికూతురినైనా, కాలేజీ ఫేషన్ షోకి వచ్చిన పిల్లనైనా అదే ప్రశ్న. "ఈ పిల్ల నవ్వితే ఎవరిలాగుంటాది?" ఇక చూసుకోండి. మేనత్త మా నాన్నలాగ అంటుంది, పిన్ని కాదు మా అమ్మలాగ అంటుంది, అమ్మమ్మ ఇద్దరినీ తిట్టి నాలాగ అంటుంది. ఆ గోలకి ఆ పిల్ల నవ్వుతుంది. ఈవిడకి కావలసింది ఆ నవ్వే. బుగ్గ ఎక్కడ లేస్తోంది, కంటి కొన ఎటు వంగుతోంది అని చూసుకుని పని మొదలుపెట్టేది. ఆ మేనత్తలకీ పిన్నులకీ ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. వాళ్ళు మెట్లు దిగి నా కొట్టులో నిలబడి కూడా పోట్లాడుకునేవారు.

మొదటి పెళ్ళిలోనే ఆమెని మా ఊరు దెబ్బ కొట్టింది. మంగళస్నానంలో పిల్లకి పసుపు దట్టంగా పట్టించారు. ఆమె తెచ్చిన రంగు ఆ పసుపు మీద పడి, వీడియో లైటు వెయ్యగానే పిల్ల మొహం బత్తాయిపండులాగ అయిపోయింది. అంతా కడిగేసి మళ్ళీ చేసింది. తర్వాతి పెళ్ళిలో పసుపు మొహానికి వద్దని ఒక ముసలమ్మతో గొడవ పడింది.

"పసుపు రాయని పెళ్ళికూతురేటి, మీ బొంబాయిలో ఉంటాదేమో" అంది ముసలమ్మ.

ఆమె "సరే, రాయండమ్మా. నాను దాని మీదే సేస్తాను" అంది. ఆ పూటంతా మేడ మీద తన చేతికి పసుపు రాసుకోవడం, రంగు కలిపి వెయ్యడం, కిటికీ దగ్గర చూసుకోవడం, కడుక్కోవడం. ఆ నెలంతా ఆమె ముంజేతులు పచ్చగానే ఉన్నాయి. చివరికి ఆ పసుపునే అడుగు రంగుగా వాడుకోవడం నేర్చుకుంది. మా ఊళ్ళో పెళ్ళికూతురి మొహం ఒక రంగు, మెడ ఒక రంగు ఉండడం అప్పటినుంచే తగ్గింది. పిల్లలు ఫోనులో హీరోయిన్ల ఫొటోలు చూపించి "ఈవిడిలాగ సెయ్యండి మేడం" అనేవారు. "ఆవిడ మొకం ఆవిడికి ఉండనీ తల్లీ. నీ దగ్గరున్నది బయటికి తీద్దాం" అనేది. కొంతమంది అలిగి వేరే పార్లరుకి పోయారు. పోనిచ్చింది.

ఒకసారి నన్ను నౌపడ ఉప్పు మడులకి తీసుకెళ్ళింది. శ్రీకాకుళంలో ఒక చీరల కొట్టువాళ్ళు పొందూరు ఖద్దరు చీరలకి ప్రకటన తీస్తున్నారు. తెల్లటి ఉప్పు కుప్పల మధ్య రంగు చీర బాగుంటుందని ఫొటోగ్రాఫరు అనుకున్నాడు. హైదరాబాదునుంచి ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. మిగతా అంతా మగవాళ్ళు. ఆ పిల్ల చీర మార్చుకునేటప్పుడు దుప్పటి అడ్డం పట్టుకోడానికి ఆడమనిషి కావాలని నన్ను రమ్మంది. ఉప్పు మడుల్లో గాలి సంగతి నాకేం తెలుసు. దుప్పటి ఒక చివర నేను పట్టుకుంటే రెండో చివర ఎగిరి నా నెత్తినే ముసుగేసింది. అక్కడ ఉప్పు మోసే ఆడవాళ్ళు తట్టలు దించి పడీపడీ నవ్వారు. వాళ్ళే వచ్చి చుట్టూ నిలబడి అడ్డం కట్టారు.

ఆ పిల్ల మేకప్పు కారులోనే అయిపోయింది. ఉప్పు కుప్ప పక్కన నిలబెట్టేసరికి మాత్రం మా అప్ప మొహం చిట్లించింది. ఫొటోగ్రాఫరుని ఆగమని చెప్పి, నవ్వుతున్న ఒక ఉప్పుకూలీ దగ్గరికి వెళ్ళి, చేతులు రాసుకుని, ఆమె గెడ్డం పట్టుకుని ఎండకి ఎత్తింది, దించింది.

"ఏటమ్మా, పన్ను పుచ్చిపోనాదేటి, సూస్తన్నావు?" అంది ఆ కూలీ.

"ఎలుతురు కిందనుంచి వస్తంది. ఉప్పుమీద పడి పైకి లెగుస్తంది. కళ్ళ కింద నీడే లేదు" అని, నా వైపు తిరిగి "కారులో కూకుని నాను పెట్టిన నీడలన్నీ తప్పే సెల్లీ" అంది. ఆ పొడుగాటి పిల్ల మొహమంతా తుడిచేసింది.

"మేడం, ఎండ పోతుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"పోనీ బాబూ. రేపు మళ్ళీ వస్తాది. ఈ ఫొటో పోతే రాదు."

మళ్ళీ చేసింది. ఈసారి పైన వెయ్యాల్సింది కింద వేసిందో, అసలు వెయ్యడమే మానేసిందో నాకు తెలియదు గానీ, ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగినట్టు కనిపించింది. ఫొటోలు అయిపోయాక ఆ కూలీ వేళాకోళంగా, "నాకూ ఇంత రాయమ్మా, మా ఇంటాయన గుర్తుపట్టకండా ఉంటాడు" అంది. ఈవిడ పెట్టె మళ్ళీ తెరిచింది. కూలీని బోర్లించిన తట్టమీద కూర్చోబెట్టి, చేతులు రాసుకుని, "నువ్వు నవ్వితే ఎవరిలాగుంటావు?" అని అడిగింది.

"నాను నవ్వితే మా అత్త సూడనేదు. ఇంకెవులు సెప్తారు?"

అందరం నవ్వాం, ఆమే ఎక్కువ నవ్వింది. పొడుగాటి పిల్లకి ఎంత ఓపిగ్గా చేసిందో ఈమెకీ అంతే ఓపిగ్గా చేసింది. ఫొటోగ్రాఫరు మంచివాడు, ఒక ఫొటో తీసి కెమేరాలోనే చూపించాడు. ఆ కూలీ చాలాసేపు చూసింది. నవ్వు ఆపేసి, "ఇది నానే" అంది. మళ్ళీ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసి, "నానే" అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆమె నా తొడ మీద గిల్లి, "ఇన్నావా? ఎవులోలాగున్నాననలేదు. ఇది నానే అన్నాది" అంది. బొబ్బిలి వచ్చేలోపు ఆ మాట ఎన్నిసార్లు అందో. ప్రకటన బాగా వచ్చిందని చీరల కొట్టువాళ్ళు ఫోను చేసినప్పుడు అంత సంతోషం నేను చూడలేదు.

పెళ్ళిళ్ళలో ఆమెకి ఒక పద్ధతి ఉండేది. అంతా అయ్యాక కూడా బుగ్గచుక్క తను పెట్టేది కాదు. కాటుక డబ్బా తీసి తల్లి చేతిలో పెట్టేది. "ఇది నాది కాదు, నీది" అనేది. తల్లి చుక్క పెట్టాకే పెళ్ళికూతురికి అద్దం ఇచ్చేది. అప్పటిదాకా అద్దం బోర్లా పడుకునే ఉండాలి. ఎవరు అడిగినా ఇచ్చేది కాదు. పెద్దింటి పెళ్ళి, చిన్నింటి పెళ్ళి అని తేడా లేదు. నేను ఆమె వెంట వెళ్ళిన పెళ్ళిళ్ళన్నిట్లోనూ అదే చూశాను.

అందుకే మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు ముందుగానే చెప్పుకున్నాను. తండ్రి లేని పిల్ల కాబట్టి మా బావగారూ, పెద్ద తోటికోడలూ పీటలమీద కూర్చుని కన్యాదానం చెయ్యాలి. పసుపు రాయడం, పూలు ముడవడం, పెళ్ళికూతుర్ని చెయ్యడం అన్నీ ముత్తైదువల పని. నన్ను ఎవరూ వద్దనలేదు. అనాల్సిన అవసరం లేదు, నాకే తెలుసు. పెళ్ళి ముందు రోజు మేడమీదికెళ్ళి, "అప్పా, రేపు సుక్క మా తోటికోడలు పెడతాది" అన్నాను. ఆమె కుంచెలు తుడుచుకుంటూ "ఊఁ" అంది. ఒప్పుకుందనుకున్నాను.

పగటి ముహూర్తం. కల్యాణమండపంలో సామాన్ల గది తాళాలు నేనే అడిగి తీసుకుని, కొబ్బరికాయలూ తమలపాకులూ చూసుకుంటూ అక్కడే ఉండిపోయాను. ఏడుస్తూ కూర్చున్నాననుకోకండి. నాకు భయం, అంతే. నా చెయ్యి ఆ పిల్ల మొహం మీద పడిందంటే, రేపు దానికి జలుబు చేసినా, అల్లుడి బండి ఎక్కడైనా జారినా, ఆ పూట తల్లి చెయ్యి తగిలింది కదా అని ఎవరో ఒకరు అంటారు. అత్తవారింట్లో ఆ మాట పడేది నేను కాదు. నా పిల్ల.

తమలపాకులు కడుగుతుంటే మా తోటికోడలు పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఒసే, నీ మేడమ్మకి ఏటైనాది? పిల్ల మొకం అయిపోనాది, అద్దం ఇవ్వదు. గుమ్మంలో పెట్టె ఏసుకుని కూకున్నాది. సుక్క నాను పెట్టేస్తానంటే, కన్యాదానం నువ్వు సేస్తావు, అది నీది, సుక్క తల్లిది అంటన్నాది. పంతులు పిలుస్తన్నాడు."

"నాను రాను."

"నువ్వు రావాలని నాకూ లేదే. నాకూ బయ్యమే." మా తోటికోడలు ఏదీ దాచుకోదు, మనసులో ఉన్నదే నోట్లో ఉంటుంది. "గాని ఆ పిల్లని సూడలేకపోతన్నాను. ఏడుపు ఆపుకుని కూకున్నాది. ఏడిస్తే రంగు కారిపోద్దని ఏడవడం లేదు. లెగు. ఎవులేటన్నా నాను సూసుకుంటాను. లెగుమంటే."

వెళ్ళాను. ఆమె నిజంగానే గుమ్మానికి అడ్డంగా పనస పెట్టె వేసుకుని దానిమీద కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు. ఆమెకి కోపం లేదు, తొందర లేదు. మా కొట్టు ముందు టీ కోసం కూర్చున్నట్టే ఉంది. నన్ను చూసి, "సేతులు సూపించు" అంది.

కొబ్బరి పీచు అంటుకుని, ఆకుల నీళ్ళతో తడిసి ఉన్నాయి. తడిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచింది.

"నాది మంచి సెయ్యి కాదప్పా. నీకు తెలుసు కదా."

"మంచి సెయ్యో సెడ్డ సెయ్యో నాకు తెలీదు. సల్లగున్నాది." నా రెండు చేతులూ తన అరచేతుల మధ్య పెట్టుకుని రాసింది. తన చేతులు రాసుకున్నట్టే, నిదానంగా. తీసి నా మెడకే ఆనించి, "సూడు. సాలా?" అంది. వేడిగానే ఉన్నాయి. కాటుక డబ్బా నా చేతిలో పెట్టి, పెట్టె పక్కకి జరిపింది.

పిల్ల మొహం అప్పుడు చూశాను. ఏం చెప్పను. అంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. ఉంగరం వేలితో కాటుక తీశాను. చుక్క బుగ్గ మీద ఉండాల్సింది దవడ వైపు జారి, గుండ్రంగా రాకుండా చింతగింజలాగ సాగిపోయింది. వెంట్రుకంత గీత పక్కకి పోయినా తుడిచి మళ్ళీ గీసే మనిషి ఆమె. తుడుస్తుందని చూశాను. ఆమె వంగి, ఎడమనుంచి చూసింది, కుడినుంచి చూసింది. కాటుక డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టేసింది.

"అయిపోనాది. అద్దం తియ్యండి."

మా అమ్మాయి అద్దంలో ముందు చుక్కనే చూసుకుంది. తర్వాత మొహం చూసుకుంది. తర్వాత అద్దం వాల్చి, అందులో వెనక నిలబడ్డ నన్ను చూసింది.

"నాను నీలాగున్నాను కదే అమ్మా."

"సాల్లే, నడండి. ముహూర్తం మీ మొకాలు సూస్తూ కూకోదు" అని మా తోటికోడలు ముక్కు చీదుకుంటూ అందర్నీ తోలుకుపోయింది.

తర్వాత ఏమైందంటారా. మా అమ్మాయికి అత్తవారింట్లో జలుబూ చేసింది. అల్లుడి బండీ ఒకసారి వానలో జారి మోకాలు చెక్కుకుపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆల్బం వచ్చినప్పుడు వియ్యపురాలు మాత్రం, "ఈ సుక్కేటి ఇలగున్నాది" అందట. "మా అమ్మ పెట్టింది" అంది పిల్ల. "ఓహో" అని ఆవిడ పేజీ తిప్పేసింది. అంతే. అంతకాలం నేను భయపడిన మాట ఒకటే, అది రానే లేదు.

ఎందుకప్పా అంత పట్టుపట్టావు అని ఆమెని అడిగాను. "అద్దం ఇవ్వకండా పెట్టె సర్దడం నాకు సేతకాదు సెల్లీ" అంది. ఆ తర్వాత మా బజారులో ఆమె చేసిన పెళ్ళిళ్ళలో నాలాంటి తల్లులు సామాన్ల గదిలోకి పోబోతే, "ఆగు, ఆవిడొచ్చి కూకుంటాది గుమ్మంలో, ముందే నువ్వొచ్చెయ్యి" అని బంధువులే పిలవడం నేను విన్నాను.

చివర్లో ఆమెకి చేతులు వణకడం మొదలైంది. బోర్డు తనే దింపి, పిల్లల్ని వేరే పార్లరుకి పంపించేసి, సముద్రం పక్క ఊళ్ళో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పనస పెట్టె నా దగ్గర పెట్టింది. "గాజులేసుకో" అంది. వేసుకోలేదు. మూత తీస్తే ఇంకా స్పిరిట్ వాసన వస్తుంది.

ఫోను వచ్చిన రోజు నేను వెళ్ళేసరికి ఆమెని వరండాలో పడుకోబెట్టారు. చుట్టూ జనం. ఆమె చేతిలో ముస్తాబైన ఆడపిల్లలు ఎక్కడెక్కడినుంచో వచ్చి నిలబడ్డారు, పిల్లల్ని చంకనెత్తుకుని. నేను దగ్గరికి వెళ్ళి చూసి ఆగిపోయాను. మొహం నిండా తెల్లగా పౌడరు కొట్టారు. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు.

"అందరూ వస్తారు కదా అత్తా, బాగుంటాదని రాసినాం" అంది ఆమె మేనకోడలు. దాని తప్పేం లేదు, ప్రేమకొద్దీ రాసింది.

"తడిగుడ్డ తే తల్లీ" అన్నాను.

ఆ పిల్ల లోపలికెళ్ళింది. నేను ఆమె తల దగ్గర కూర్చుని, గుడ్డ వచ్చేలోపు నా రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసుకున్నాను. మెడకి ఆనించి చూసుకుంటే ఇంకా చల్లగానే అనిపించింది. మళ్ళీ రాసుకున్నాను.